జక్కన్న (శిల్పి)

జక్కన్న లేదా జక్కనాచారి దక్షిణ భారతదేశంలో మిక్కిలి పేరుపొందిన శిల్పి. కర్ణాటకలోని బేలూరు, హళేబీడు ఆలయాలను చెక్కినవాడు ఇతడేనని కన్నడ, తెలుగు దేశాలలో తరతరాలుగా ఒక నమ్మకం ఉంది. కన్నడిగులు ఇతనిని జకణాచారి అంటారు. తెలుగువారు "అమరశిల్పి" అనే విశేషణాన్ని చేర్చి జక్కన్న అని పిలుచుకుంటారు. ఇతని ప్రేమ, వివాహం, భార్యావియోగం, కొడుకు చేతిలో ఓటమి, నరుక్కున్న కుడిచేయి తిరిగి రావడం - ఇవన్నీ ఐతిహ్యం ద్వారానే మనకు తెలుస్తున్నాయి. బేలూరు ఆలయంలో పలువురు శిల్పుల పేర్లు రాతిమీద చెక్కి ఉన్నప్పటికీ వాటిలో జక్కన్న పేరు లేదు. అందువలన ఇతడు చారిత్రక వ్యక్తియా, లేక అనేకమంది శిల్పుల కీర్తి ఒక్కచోట చేరగా ఏర్పడిన పేరా అన్నది చర్చనీయాంశంగా ఉంది.

15వ శతాబ్దంలో "విక్రమార్క చరిత్ర" అనే తెలుగు కావ్యాన్ని రచించిన జక్కన కవి వేరు, ఈ శిల్పి వేరు. పేర్ల పోలిక వలన విద్యార్థులు ఈ ఇద్దరినీ ఒకరిగా పొరబడుతుంటారు.

ఐతిహ్యం

ప్రస్తుతం కర్ణాటకలో తుమకూరు పట్టణానికి సమీపాన ఉన్న కైదాల గ్రామం జక్కన్న స్వస్థలమని చెబుతారు. ఆ ఊరి పూర్వనామం క్రీడాపురం. నృపహయుడు అనే రాజు అక్కడ పాలన చేస్తున్న కాలంలో జక్కన్న యువకుడు. అతడు ఒక కన్యను ప్రేమించి వివాహం చేసుకున్నాడు. కొంతకాలానికి శిల్పకళపై వ్యామోహం అతనిని పూర్తిగా ఆవరించింది. ఇల్లు విడిచి, భార్యను విడిచి, రాజ్యాలు తిరుగుతూ ఆలయాలు చెక్కుతూ పోయాడు. తాను బయలుదేరేనాటికి భార్య గర్భవతి అన్న సంగతి కూడా అతనికి పట్టలేదు. ఆమెకు పుట్టిన కుమారుడే డంకణాచారి. తెలుగు కథలో ఇతడు డంకన్న.

డంకన్న తండ్రిని చూడకుండానే పెరిగాడు. అయినా తండ్రి విద్య అతనికి అబ్బింది. పెద్దవాడైన తరువాత తండ్రిని వెదుకుతూ బయలుదేరి బేలూరు చేరుకున్నాడు. అప్పుడు అక్కడ హొయసల రాజు విష్ణువర్ధనుని ఆజ్ఞపై చెన్నకేశవస్వామి ఆలయ నిర్మాణం జరుగుతోంది. ప్రధాన శిల్పి జక్కన్న. డంకన్న అక్కడ పనిలో కుదిరాడు. ఒకరి ఆనవాలు ఒకరికి తెలియదు.

ప్రతిష్ఠకు సిద్ధమైన విగ్రహాన్ని చూసి కొత్తగా వచ్చిన యువకుడు అందులో దోషముందని అన్నాడు. నిండు సభలో, అంత పేరున్న శిల్పి పనిని ఒక కుర్రవాడు తప్పుపట్టడం జక్కన్న సహించలేకపోయాడు. దోషం ఉన్నట్లు రుజువు చేస్తే తన కుడిచేతిని నరుక్కుంటానని శపథం చేశాడు. డంకన్న విగ్రహమంతటికీ గంధపు పూత పూయించాడు. కొంతసేపటికి పూత అంతటా ఆరింది కాని బొడ్డు చుట్టూ మాత్రం తడి నిలిచిపోయింది. అక్కడ ఉలితో కొట్టగా రాయి పెచ్చు ఊడి, లోపలి తొర్రలోనుండి నీరు, ఇసుక, వాటితోపాటు ఒక కప్ప బయటపడ్డాయి. జక్కన్న మాట తప్పలేదు. కుడిచేతిని నరుక్కున్నాడు. ఆ తరువాతనే ఆ యువకుడు తన కుమారుడని తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోదు. స్వగ్రామంలో కేశవాలయాన్ని నిర్మించమని జక్కన్నకు దైవాజ్ఞ అయింది. ఒంటిచేత్తోనే ఆ పని పూర్తిచేయగా, స్వామి అనుగ్రహంతో పోయిన చేయి తిరిగి వచ్చింది. కన్నడంలో "కై" అంటే చేయి. చేయి తిరిగి వచ్చిన చోటు కనుక క్రీడాపురానికి కైదాల అనే పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. బేలూరు ఆలయ ప్రాంగణంలో, ప్రధానాలయానికి పక్కన, విష్ణువర్ధనుని పట్టమహిషి శాంతలాదేవి కట్టించిన ఆలయం ఉంది. అందులోని స్వామిని "కప్పె చెన్నిగరాయ" అంటారు. కన్నడంలో కప్పె అంటే కప్పయే. కథలోని విగ్రహం ఇదేనని చూపిస్తారు.

భార్య మాట

జక్కన్న కథను చెప్పేవారు చేయి నరుక్కున్న ఘట్టాన్ని విస్తరించి చెబుతారు, భార్యను గూర్చి రెండు మాటలతో సరిపెడతారు. 19వ శతాబ్దంలో మైసూరు రాజ్య వివరాలు సేకరించిన ఆంగ్లేయ అధికారులు నమోదు చేసిన కథనం కూడా ఇంతే: ప్రేమ, పెళ్ళి, ఆపైన కళ. భర్త ఎందుకు వెళ్ళాడో తెలియక, బ్రతికి ఉన్నాడో లేదో తెలియక, కొడుకును పెంచి అతనికి ఉలి పట్టించిన స్త్రీకి అందులో దక్కిన స్థానం చాలా స్వల్పం. కాని ఆలోచిస్తే కథ మొత్తం ఆమెపైనే ఆధారపడి ఉంది. డంకన్న బేలూరుకు రావడానికి కారణం విగ్రహంలోని దోషం కాదు, తల్లి చెప్పిన తండ్రి పేరు.

తరువాతి కాలంలో ఈ కథను తిరగరాసినవారు ఈ లోటును గమనించారు. జక్కన్న ఇల్లు విడవడానికి కేవలం కళావ్యామోహం చాలదని వారికి తోచింది కాబోలు, భార్య శీలాన్ని శంకించి వెళ్ళిపోయాడని కల్పించారు. ఆమెకు మంజరి అని పేరు పెట్టి, నర్తకిని చేశారు. దీనితో కథ స్వరూపమే మారిపోయింది. మొదటి కథలో జక్కన్న చేసిన తప్పు మరపు. రెండవ కథలో అతని తప్పు అనుమానం. రాతిలో దాగిన కప్పను గుర్తించలేకపోయిన కన్ను, ఇంట్లో భార్య మనసును కూడా గుర్తించలేకపోయిందన్న పోలిక ఈ మార్పు వలననే ఏర్పడింది. తెలుగువారికి తెలిసినది ప్రధానంగా ఈ రెండవ కథయే.

రాతిలో కప్ప

కప్ప ఘట్టాన్ని కొందరు కేవలం కట్టుకథగా కొట్టివేస్తారు. నిజానికి దీని వెనుక శిల్పుల వృత్తిజ్ఞానం ఉంది. విగ్రహానికి రాయిని ఎంచుకొనేటప్పుడు పాటించవలసిన పరీక్షలు శిల్పశాస్త్ర గ్రంథాలలో కనబడతాయి. సుత్తితో తట్టినపుడు వచ్చే ధ్వనిని బట్టి రాళ్ళను పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించారు. ఖణీమని మ్రోగే రాయి ఒక రకానికి, మ్రోగని రాయి మరొక రకానికి పనికివస్తుంది. లోపల తొర్రగాని, పరాయి పదార్థంగాని ఉన్న రాయిని "గర్భం" ఉన్న శిల అంటారు. అది విగ్రహానికి పనికిరాదు. రాతిపై కనిపించే రంగు మండలాలను బట్టి లోపల కప్ప ఉందా, బల్లి ఉందా, నీరు ఉందా అని చెప్పే సూచనలు కొన్ని ఆగమ గ్రంథాలలో ఉన్నాయి. రాతిపై లేపనాలు పూసి పరీక్షించడం కూడా ఈ సంప్రదాయంలోనిదే.

కాబట్టి డంకన్న చేసినది మాయ కాదు, శాస్త్రంలో చెప్పిన పరీక్షయే. అనుభవజ్ఞుడైన జక్కన్న ఆ పరీక్ష చేయకుండా విగ్రహం చెక్కాడన్నదే అతనిపై అసలు అభియోగం. శిల్పుల కుటుంబాలలో ఈ కథ నిలిచి ఉండడానికి అదొక కారణమై ఉండవచ్చు: ఎంత పెద్ద పేరున్నవాడైనా రాయిని ముందుగా తట్టి చూడాలి.

హొయసల ఆలయాలకు వాడిన రాయి క్లోరైటు షిస్టు జాతికి చెందినది. వాడుకలో సబ్బురాయి అంటారు. గనిలోనుండి తీసినపుడు మెత్తగా ఉండి సన్నని ఉలికి లొంగుతుంది, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. బేలూరులో నగలలోని పూసలు కూడా విడివిడిగా కనబడేటట్లు చెక్కగలగడానికి ఈ రాయి స్వభావం ఎంతో తోడ్పడింది. గర్భాలయం ముందరి స్తంభాలకు, మూలవిరాట్టుకు చక్కని నలుపు నిగారింపు రావడానికి కూడా ఇదే కారణం.

తండ్రి, కొడుకు

పెద్ద శిల్పిని చిన్నవాడు మించిపోవడం, దానికి ఒక ప్రాణమో అవయవమో మూల్యంగా చెల్లించడం అనేక దేశాల కథలలో కనబడుతుంది. ఒడిషాలో కోణార్క సూర్యదేవాలయం గూర్చి ఇటువంటి కథే ఉంది. 1200 మంది శిల్పులు 12 సంవత్సరాలు శ్రమించినా శిఖరంపై చివరి రాయి నిలువలేదు. ప్రధాన శిల్పి బిసు మహారాణా కుమారుడైన ధర్మపదుడు, 12 ఏళ్ళ బాలుడు, తండ్రిని వెదుక్కుంటూ వచ్చి ఆ రాతిని నిలబెట్టాడు. శిల్పుల పరువు దక్కడం కోసం తానే సముద్రంలో దూకాడు. స్కాట్లండులోని రోస్లిన్ ప్రార్థనాలయంలో ఒక స్తంభాన్ని శిష్యుని స్తంభం అంటారు. గురువు లేని సమయంలో శిష్యుడు దానిని అద్భుతంగా చెక్కగా, గురువు అసూయతో అతనిని చంపాడని అక్కడి కథ. జక్కన్న కథ వీటిలో కాస్త మెత్తనిది. ఇక్కడ కొడుకూ బ్రతికాడు, తండ్రికి చేయీ తిరిగి వచ్చింది.

చరిత్రలో జక్కన్న

బేలూరు ఆలయ నిర్మాణం 1117లో విష్ణువర్ధనుని కాలంలో జరిగింది. అంతకు కొద్దిగా ముందు తలకాడు వద్ద చోళులపై సాధించిన విజయానికి గుర్తుగా దీనిని నిర్మించినట్లు చెబుతారు. హళేబీడులోని హొయసలేశ్వరాలయ నిర్మాణం దాదాపు 1121లో మొదలైంది. కైదాలలోని ఆలయాన్ని 12వ శతాబ్దం మధ్యభాగంలో, విష్ణువర్ధనుని కుమారుడు నరసింహుని కాలంలో, బాచి అనే సామంతుడు కట్టించినట్లు శాసనాధారం ఉంది. అంటే ఊరిలో ఉన్న శాసనమే స్థలపురాణానికి భిన్నంగా మాట్లాడుతున్నది.

జక్కన్న చెక్కినట్లుగా కన్నడదేశంలో చూపించే ఆలయాలు ఇంకా చాలా ఉన్నాయి. అవి కల్యాణి చాళుక్యుల కాలం నుండి హొయసలుల చివరి కాలం వరకు వ్యాపించి ఉన్నాయి. ఒక మనిషి జీవితకాలంలో ఇది సాధ్యం కాదు. 19వ శతాబ్దంలో ఉత్తర కర్ణాటకలో పనిచేసిన పురాతత్వవేత్తలు, పాత రాతి ఆలయం దేనిని చూపినా "జక్కణాచార్యుని పని" అని స్థానికులు చెప్పడాన్ని గమనించారు. మహారాష్ట్రలో ఇదే విధంగా పాత ఆలయాలన్నిటినీ యాదవుల మంత్రి హేమాద్రి పేరున "హేమాడ్‌పంతి" అంటారు. దీనిని బట్టి జక్కణాచారి అన్నది ఒక వ్యక్తి పేరు కాక, ఒక శైలికి వచ్చిన పేరని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. "దక్షిణాచార్య" అనే మాటయే వాడుకలో మారి జక్కణాచారి అయిందని ఒక ఊహ. దక్షిణాది పద్ధతిలో ఆలయాలు కట్టే ఆచార్యుడు అని అర్థం చెప్పుకోవచ్చు.

ఇందుకు భిన్నంగా, ఆ పేరుగల శిల్పి ఒకడు నిజంగా ఉండి ఉంటాడని, తరువాతివారి పనులు కూడా అతని ఖాతాలో చేరాయని భావించేవారూ ఉన్నారు. శాసనంలో పేరు లేకపోవడం మనిషి లేడనడానికి పూర్తి నిదర్శనం కాదు. అయితే బేలూరు విషయంలో ఈ వాదన బలహీనం, ఎందుకంటే అక్కడ పేర్లు లేక కాదు, ఎన్నో ఉన్నాయి.

రాతిమీద ఉన్న పేర్లు

భారతదేశంలో పురాతన శిల్పులు తమ పేర్లు చెప్పుకోలేదని పాఠ్యపుస్తకాలలో తరచుగా వ్రాస్తుంటారు. హొయసల శిల్పుల విషయంలో ఇది సరికాదు. బేలూరులో విగ్రహాల పీఠాలపై శిల్పులు తమ పేరు, ఊరు, తండ్రి పేరు చెక్కుకున్నారు. ప్రత్యర్థి శిల్పుల గర్వమణచినవారమన్న అర్థం వచ్చే బిరుదులను కూడా ధైర్యంగా చేర్చుకున్నారు.

వీరిలో ముఖ్యులు బళ్ళిగావెకు చెందిన దాసోజ, అతని కుమారుడు చావణ. బేలూరు ఆలయానికి ప్రఖ్యాతి తెచ్చిన మదనికల శిల్పాలలో కొన్ని ఈ తండ్రీకొడుకుల పని. స్తంభాలపైన, చూరు క్రింద ఏటవాలుగా అమర్చిన ఈ స్త్రీమూర్తులు మొత్తం 42. అద్దంలో చూసుకొనే సుందరి, చిలుకతో మాట్లాడే సుందరి, చీర కొంగు లాగే కోతిని అదిలించే సుందరి - ఇలా ఒక్కొక్కదానిది ఒక్కొక్క భంగిమ. అద్దం చూసుకొనే మూర్తికి శాంతలాదేవియే నమూనా అని ఒక నమ్మకం. ఆమె జైనమతస్థురాలు, సంగీత నృత్యాలలో ప్రవీణ. మల్లియణ్ణ, నాగోజ, చిక్కహంప, మల్లోజ అనే పేర్లు కూడా ఈ ఆలయంలో కనబడతాయి. పక్షులను, జంతువులను చెక్కడంలో మల్లియణ్ణ, నాగోజ సిద్ధహస్తులు.

తరువాతి తరాలలో మల్లితమ్మ అనే శిల్పి పేరు అందరికంటె ఎక్కువగా కనిపిస్తుంది. 1196 నాటి అమృతాపురం మొదలుకొని 1258 నాటి సోమనాథపురం వరకు, అంటే దాదాపు 60 సంవత్సరాలపాటు, అతని సంతకం ఉన్న శిల్పాలు దొరుకుతున్నాయి. నుగ్గేహళ్ళిలో అతనితో పాటు బైచోజ అనే మరో శిల్పి పనిచేశాడు. ఒకరు ఆలయానికి ఒక పక్కన, మరొకరు ఇంకొక పక్కన చెక్కారు.

దాసోజ, చావణల సంగతి చూస్తే ఒక విషయం తోస్తుంది. బేలూరులో నిజంగానే ఒక తండ్రి, ఒక కొడుకు పక్కపక్కన నిలబడి పనిచేశారు. కొడుకు చెక్కిన కొన్ని మూర్తులు తండ్రి పనికి తీసిపోవు. జక్కన్న, డంకన్నల కథకు బీజం ఇక్కడే పడిందని చెప్పడానికి ఆధారం లేదు గాని, రాతిపై పేరున్న ఈ ఇద్దరిని జనం మరచిపోయి, పేరు లేని ఇద్దరిని జ్ఞాపకం ఉంచుకున్నారన్నది మాత్రం వాస్తవం. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. దాసోజ శాసనంలో ఊరు ఉంది, బిరుదు ఉంది. భార్య లేదు, శపథం లేదు, కన్నీరు లేదు.

తెలుగుదేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన ఆలయాన్ని రామప్ప గుడి అంటారు. రామప్ప అన్నది శిల్పి పేరని, శిల్పి పేరు మీద గుడి పిలువబడటం అరుదైన గౌరవమని అందరూ చెబుతారు. ఆలయ శాసనంలో నిర్మాత పేరు ఉన్నది గాని శిల్పి పేరు లేదు. అక్కడి దైవం రామలింగేశ్వరుడు కనుక గుడి పేరు దైవాన్ని బట్టి వచ్చినదై ఉండవచ్చు. ఆ ఆలయ చూరు క్రింద నిలిచిన నల్లరాతి నాగిని, మదనికలు బేలూరు మదనికలకు దగ్గరి చుట్టాలు. రామప్ప ఆలయానికి 2021లోను, బేలూరు, హళేబీడు, సోమనాథపురం ఆలయాలకు 2023లోను యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

సినిమా

జక్కన్న తెలుగువారి ఇంటి పేరు అయినది 1964లో. ఆ సంవత్సరం బి.ఎస్.రంగా తన విక్రం ప్రొడక్షన్స్ పతాకంపై "అమరశిల్పి జక్కన్న" చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించాడు. అదే కథను కన్నడంలో "అమరశిల్పి జకణాచారి"గా తీశాడు. కన్నడ చిత్రంలో కల్యాణ్ కుమార్, తెలుగు చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు కథానాయకులు. రెండింటిలోను నాయిక బి.సరోజాదేవి. కన్నడంలో ఇది పూర్తి నిడివి గల తొలి రంగుల చిత్రం. తెలుగులో అంతకు ముందు ఏడాది, అంటే 1963లో, "లవకుశ" రంగులలో వచ్చింది కనుక తొలి రంగుల చిత్రమనే గౌరవం దీనికి దక్కలేదు గాని, తొలినాటి రంగుల చిత్రాలలో ఇది ఒకటి. రంగా స్వయంగా పేరుపొందిన ఛాయాగ్రాహకుడు. మైసూరు రాష్ట్రం వాడైనా 1956లో "తెనాలి రామకృష్ణ" తీసి తెలుగువారికి అప్పటికే సుపరిచితుడు.

చిత్రకథలో జక్కన్న యువశిల్పి. నర్తకి మంజరిని ప్రేమించి పెండ్లాడతాడు. ఆమె అందంపై కన్నేసిన అధికారబలం గలవాని పన్నాగం వలన భార్య శీలాన్ని శంకించి దేశాలు పట్టిపోతాడు. ఆమె కష్టాలు పడి కొడుకును కంటుంది. ఆ కొడుకు డంకన్న వేషం హరనాథ్ ధరించాడు. చిత్తూరు నాగయ్య, రేలంగి, గిరిజ కూడా నటించారు. మిగిలిన కథ ఐతిహ్యంలోనిదే. సాలూరు రాజేశ్వరరావు సంగీతం ఈ చిత్రానికి ప్రాణం. మాటలు సముద్రాల రాఘవాచార్య వ్రాయగా పాటలు సముద్రాలతోపాటు దాశరథి, సి.నారాయణరెడ్డి తదితరులు రచించారు. నారాయణరెడ్డి రచించి, ఘంటసాల పాడిన "ఈ నల్లని రాలలో" అనే పాట చిత్రంకంటె ఎక్కువకాలం బ్రతికింది. సినిమా చూడనివారు కూడా ఆ పాటను ఎరుగుదురు. శిల్పి రాతిని చూసేటప్పుడు అందులో దాగిన రూపం ముందే అతనికి కనబడుతుందన్న భావాన్ని ఇంత సులభంగా సామాన్యులకు చేరవేసిన రచన తెలుగులో మరొకటి లేదేమో.

పండితులు ఒప్పుకొనని కథను సినిమా స్థిరపరచిందన్న విమర్శ ఒకటి ఉంది. అది నిజమే. తెలుగునాట విద్యార్థులలో చాలామందికి హొయసలుల పేరు తెలియదు, జక్కన్న పేరు తెలుసు.

కృష్ణాతీరంతో సంబంధం

జక్కన్న కన్నడదేశపు శిల్పి అయినప్పటికీ అతనిని తెలుగువానిని చేసినవారిలో ఎక్కువమంది కృష్ణా డెల్టాకు చెందినవారు కావడం విశేషం. జక్కన్న పాత్ర ధరించిన అక్కినేని నాగేశ్వరరావు (1924 - 2014) గుడివాడ సమీపంలోని రామాపురంలో జన్మించాడు. జక్కన్నకు గొంతునిచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు (1922 - 1974) జన్మస్థలం అదే గుడివాడ దగ్గరి చౌటపల్లి. మాటలు వ్రాసిన సముద్రాల రాఘవాచార్య రేపల్లె ప్రాంతంలోని పెదపులివర్రు వాడు. చిత్తూరు నాగయ్య పేరులో చిత్తూరు ఉన్నా పుట్టినది రేపల్లెలో. కృష్ణకు తూర్పున ఇద్దరు, పడమర ఇద్దరు.

నాగేశ్వరరావు నాటకాలలో స్త్రీ పాత్రలు ధరిస్తున్న రోజులలో, విజయవాడ రైల్వే స్టేషనులో నిర్మాత ఘంటసాల బలరామయ్య దృష్టిలో పడటం, ఆ మీదట 1944లో "శ్రీ సీతారామ జననం" చిత్రంలో రాముడుగా కనిపించడం ప్రసిద్ధమైన సంఘటన. విప్రనారాయణ, కాళిదాసు, జయదేవుడు వంటి పాత్రల ద్వారా, ప్రేమకూ భక్తికీ కళకూ మధ్య నలిగిపోయే మనిషిగా అతనికి అప్పటికే పేరు వచ్చింది. జక్కన్న పాత్ర ఆ వరుసలోనిదే.

శిల్పి ప్రేమకథ ఈ ప్రాంతానికి కొత్తది కూడా కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన అడివి బాపిరాజు (1895 - 1952) తన "హిమబిందు" నవలలో శాతవాహనుల కాలంనాటి ధాన్యకటకాన్ని, అంటే నేటి అమరావతిని, రంగస్థలంగా చేసుకున్నాడు. అందులో నాయకుడు సువర్ణశ్రీ శిల్పి. సంపన్న వర్తకుని కుమార్తె హిమబిందును అతడు ప్రేమిస్తాడు. బాపిరాజు స్వయంగా చిత్రకారుడు కనుక అమరావతి శిల్పాలను చూసి, వాటిని చెక్కినవారికి ఒక జీవితాన్ని కల్పించాలని తలచినట్లు తోస్తుంది. అమరావతి స్తూపంపై ఉన్న శాసనాలలో ఎక్కువ భాగం దాతల పేర్లే: గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, వారి కూతుళ్ళు, కోడళ్ళు. పనిని పర్యవేక్షించే "నవకమ్మిక" అనే అధికారి ప్రస్తావన కూడా ఉంది. కాని ఆ పలనాటి సున్నపురాతిపై పద్మాలను, పరుగెత్తే ఏనుగును చెక్కిన చేతుల సంగతి తెలియదు. ఆ శిల్పాలలో చాలా భాగం చెన్నై మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. బేలూరుకు జక్కన్న దొరికినట్లు అమరావతికి ఒక శిల్పి దొరకలేదు. ఆ లోటును బాపిరాజు నవల కొంత తీర్చింది.

డెల్టా నేలలో ఉలికి తగిన రాయి లేదు. ఎంత లోతు త్రవ్వినా ఒండ్రుమట్టియే. అయినా తెనాలి పట్టణం నేడు విగ్రహాల తయారీకి ప్రసిద్ధి. కంచు, సిమెంటు, ఫైబరు విగ్రహాలు ఇక్కడ తయారై అనేక ప్రాంతాలకు వెళుతున్నాయి. పల్నాడులో మాచర్ల సమీపాన ఉన్న దుర్గిలో రాతి శిల్పం కులవృత్తిగా కొనసాగుతోంది. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. విశ్వబ్రాహ్మణులు జక్కన్నను తమ వృత్తి పెద్దలలో ఒకనిగా గౌరవిస్తారు.

తెలుగు వాడుకలో

తెలుగులో ఒక వస్తువుగాని మనిషిగాని తీర్చిదిద్దినట్లు ఉంటే "జక్కన చెక్కిన శిల్పం" అనడం వాడుక. పనిని పట్టుబట్టి, ఎంతకాలమైనా సరే, లోపం లేకుండా చేసేవానిని జక్కన్న అనడం కూడా ఉంది. చలనచిత్ర దర్శకుడు ఎస్.ఎస్.రాజమౌళికి చిత్రసీమలో ఈ పేరు స్థిరపడింది. 2016లో సునీల్ కథానాయకుడుగా "జక్కన్న" అనే సినిమా వచ్చింది గాని, అది శిల్పి కథ కాదు.

కర్ణాటక ప్రభుత్వం ఉత్తమ శిల్పులకు ఇచ్చే పురస్కారానికి జకణాచారి పేరు పెట్టారు.

కైదాల ఆలయం

కైదాల గ్రామం తుమకూరుకు దాదాపు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరు చిన్నది. బేలూరు, హళేబీడులకు వచ్చే యాత్రికులలో ఇక్కడి వరకు వచ్చేవారు తక్కువ. చెన్నకేశవాలయం బేలూరు ఆలయంతో పోల్చదగినది కాదు. గోడలపై అంతటి పనితనం లేదు. గర్భాలయంలోని నల్లరాతి కేశవమూర్తి మాత్రం చూడదగినది. సమీపంలో గంగాధరేశ్వర ఆలయం ఉంది. ఆలయాలను కట్టించిన బాచి శైవ, వైష్ణవ, జైన మతాలన్నిటికీ దానాలు చేసినట్లు ఇక్కడి శాసనం వలన తెలుస్తున్నది. శాసనంలో జక్కన్న ప్రసక్తి లేదు. పూజారులు మాత్రం అతని చేయి తిరిగివచ్చిన కథనే చెబుతారు.